వైద్యవిద్యలో ఆత్మపరిశీలన – విద్యార్థుల భాగస్వామ్యం

(కొల్లాపూర్‌లో మన సంక్షేమ సంఘం వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



మన వార్షిక సభలలో చదువును గూర్చి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఫీజులు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ళు, సీట్లు – ఇవే ఎక్కువగా మన చర్చకు వచ్చే విషయాలు. ఈసారి సీటు వచ్చిన తరువాతి సంగతి మనవి చేయదలచాము. మన పిల్లలు డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, యునానీ హకీములు కావడానికి కాలేజీలలో చేరుతున్నారు. అక్కడ వారు పుస్తకం చదువుతారు, రోగిని చూస్తారు, పరీక్ష రాస్తారు. కాని తాము చేసిన పనిని తామే వెనుదిరిగి చూసుకోవడం ఎవరు నేర్పుతున్నారు? ఎలా నేర్పుతున్నారు? ఆ నేర్పే పద్ధతిని తయారుచేయడంలో పిల్లల మాటకు చోటు ఉన్నదా? ఈ ప్రశ్నలే నేటి మా ప్రసంగ విషయం.

ఇది హైదరాబాదువాళ్ళ విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. మన పాలమూరు ప్రాంత పిల్లలు వైద్యం చదవాలంటే ఒకప్పుడు ఎక్కువగా హైదరాబాదు వైపే చూడవలసి వచ్చేది. 2016లో మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2022 నవంబరులో నాగర్‌కర్నూలు, వనపర్తి కళాశాలలు ఒకే రోజున ప్రారంభమైనాయి. 2024లో గద్వాలకూ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను రావడం వల్ల మన ఇళ్ళలోనుంచి కూడా ఈ చదువులోకి దారి కొంత విశాలమైంది. కనుక రేపు మన సర్కారు దవాఖానలో కుర్చీలో కూర్చునేది మన పిల్లలే, ఎదుట బల్లమీద కూర్చునేది మన అమ్మా నాన్నలే. ఆ కుర్చీకీ బల్లకూ మధ్య మాట ఎలా నడవాలన్నది మన ఊరి సమస్యే.

ముందుగా ఈ ఆత్మపరిశీలన అంటే ఏమిటో చూద్దాం. కాలేజీలలో దీన్ని రిఫ్లెక్టివ్ ప్రాక్టీసు అంటున్నారు. పేరు కొత్తది, విషయం పాతదే. తెలుగులో సింహావలోకనం అనే మాట ఉన్నది. నాలుగడుగులు నడిచిన సింహం ఆగి వెనక్కి తిరిగి చూస్తుందట. మన కొల్లాపూర్ మామిడి తోట రైతును అడగండి. కాయ దిగిన తరువాత చెట్టు కింద నిలబడి, ఈ ఏడు పూత ఎప్పుడొచ్చింది, మంచు ఎప్పుడు పడింది, మందు ఎప్పుడు కొట్టాము, పిందె ఎందుకు రాలింది అని లెక్క చూసుకుంటాడు. ఆ లెక్క చూసుకోని రైతుకు ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నా, అది ఒకటే ఏడు ఇరవై సార్లు గడిచినట్టు లెక్క. మన ధర్మంలో దీనికి ముహాసబా అన్న పేరు ఉన్నదని మీకు చెప్పనక్కరలేదు. పడుకునే ముందు, నేడు ఏమి చేశాను, ఎవరి హక్కు బాకీ ఉన్నాను అని తనను తాను అడుగుకోవడమే ముహాసబా. 9వ శతాబ్దంలో బగ్దాదులో జీవించిన ఒక మహనీయునికి ఈ అలవాటు వల్లనే అల్ ముహాసిబీ అన్న పేరు నిలిచిపోయింది.

వైద్యంలో కూడా ఈ పద్ధతికి మనవారు దారి వేశారు. రయ్, బగ్దాదు నగరాల ఆస్పత్రులకు పెద్దగా పనిచేసిన అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ 10వ శతాబ్దం ఆరంభం వరకు జీవించారు. ఆయన దర్బారు ఎలా నడిచేదో ఇబ్న్ అల్ నదీమ్ రాశారు. గురువు దగ్గరగా ముఖ్య శిష్యులు, వారి తరువాత వారి శిష్యులు, ఆ వెనుక కొత్తగా చేరినవారు వరుసలుగా కూర్చునేవారట. రోగి వచ్చి మొదట ఎదురైన వరుసవారికి తన బాధ చెప్పుకునేవాడు. వారికి తెలిస్తే సరే, లేకుంటే లోపలి వరుసకు. ఎవరికీ అంతు చిక్కనిది చివరకు రాజీగారి ముందుకు వచ్చేది. అంటే రోగిని మొదట వినే బాధ్యత విద్యార్థిదే! తన మాట ఎంతవరకు నిలబడిందో కళ్ళెదుటే చూసుకునే అవకాశమూ విద్యార్థికే. రాజీగారు స్వయంగా కూడా చదివినదీ చూసినదీ ఎప్పటికప్పుడు రాసుకునేవారు. పూర్వ వైద్యుల మాట ముందు రాసి, దాని కింద ‘ఇది నాది’ అని గుర్తు పెట్టి తన అభిప్రాయం వేసుకునేవారు. ఆయన పోయిన తరువాత ఆ కాగితాలను పోగుచేస్తేనే ‘అల్ హావీ’ అనే మహాగ్రంథం తయారైంది. అది ప్రజల కోసం రాసిన గ్రంథం కాదు, ఒక వైద్యుడు తన కోసం రాసుకున్న నోట్సు.

ఇక మన హైదరాబాదు సంగతికి వద్దాం. 1846లో నాలుగవ నిజాం కాలంలో హైదరాబాదు మెడికల్ స్కూలు స్థాపించబడింది. మొదట్లో బోధన ఉర్దూలోనే. 1885లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ అక్కడికి వచ్చారు. ఆ స్కూలులోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ మహిళ చదివి, మత్తు ఇచ్చే విద్యలో నిపుణురాలైంది. ఆ విద్యలో ప్రపంచంలోనే మొదటి మహిళలలో ఆమెను లెక్కిస్తారు. క్లోరోఫారం ఇస్తే ప్రమాదం గుండెకా, ఊపిరికా అన్న తగవు తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో మరొకసారి హైదరాబాదులో కమిషన్లు కూర్చున్నాయి. రెండవదానికి ఆరవ నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను రప్పించింది. ఎన్నో జంతువులపై ప్రయోగాలు చేసి, ఆగేది ముందు ఊపిరే, కనుక ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలునని తేల్చారు.

మన రాజధానికి అది గర్వకారణమే. కాని కథ అక్కడితో ఆగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, తక్కువ మత్తులో కూడా క్లోరోఫారం హఠాత్తుగా గుండెనే ఆపగలదని ప్రయోగ పూర్వకంగా చూపించాడు. హైదరాబాదులో కష్టపడి చూశారు, శ్రద్ధగా రాశారు. అయినా తాము ఏ నమ్మకంతో చూస్తున్నామో, ఏ ప్రశ్న అడగలేదో తిరిగి చూసుకోవడంలో లోటు జరిగింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, నోట్‌బుక్కు నిండినంత మాత్రాన ఆత్మపరిశీలన అయిపోదు. ‘నేను అడగని ప్రశ్న ఏది?’ అన్నదే అందులో అసలు ప్రశ్న.

ఆధునిక కాలంలో దీనికి శాస్త్ర రూపం ఇచ్చినవారు కొందరున్నారు. అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1910లోనే విద్యలో ఆలోచనను గూర్చి పుస్తకం రాశాడు. 1983లో డొనాల్డ్ షాన్, పని చేస్తుండగా ఆలోచించడం ఒకటి, పని అయిన తరువాత ఆలోచించడం మరొకటి అని విడదీసి చెప్పాడు. 1988లో ఇంగ్లండుకు చెందిన గ్రాహమ్ గిబ్స్ ఆరు మెట్లు చెప్పాడు: ఏమి జరిగింది, నాకేమనిపించింది, అందులో మంచేది చెడేది, ఎందుకలా జరిగింది, ఇంకేమి చేయగలిగేవాణ్ణి, మళ్ళీ వస్తే ఏమి చేస్తాను. ఈ ఆరు మెట్లు నేడు అనేక దేశాల నర్సింగు పాఠశాలల్లో పాఠంగా చెబుతారు.

మన దేశంలో 2018లో మెడికల్ కౌన్సిల్ ఎటికామ్ అనే పాఠ్యక్రమం వెలువరించింది. నడవడి, నీతి, మాటతీరు – ఈ మూడింటిని నేర్పే 27 పాఠాలు అవి. 2019లో ఎం.బి.బి.ఎస్.లో చేరిన జట్టు నుంచి ఇది అమలులోకి వచ్చింది. మొదటి సంవత్సరంలోనే ‘డాక్టరు కావడమంటే ఏమిటి?’, ‘రోగి కావడమంటే ఏమిటి?’ అనే పాఠాలున్నాయి. కోతబల్లపై ఉన్న శవమే మన తొలి గురువు అని చెప్పే పాఠమున్నది. ప్రతి విద్యార్థి లాగ్‌బుక్కులో తన అనుభవం, తన ఆలోచన రాయాలి. 2022 నుంచి ఒక్కో విద్యార్థి పల్లెలో మూడు నుంచి అయిదు కుటుంబాలను దత్తత తీసుకుని, చదువు సాగినన్నాళ్ళు వారి ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలన్న పథకమూ పెట్టారు. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

మరి ఆచరణలో ఏమవుతున్నది? మన పిల్లలను కూర్చోబెట్టి అడిగాము. మొదట అందరూ బాగుందన్నారు. చాయ్ వచ్చిన తరువాత నోళ్ళు తెరిచారు. సీనియర్ల లాగ్‌బుక్కులు చేతులు మారుతుంటాయట. ‘నేడు రోగితో మాట్లాడి చాలా నేర్చుకున్నాను, ఇకపై మరింత సహనంతో ఉంటాను’ అనే రెండు వాక్యాలు ఎంతమంది పుస్తకాల్లో ఉన్నాయో లెక్కలేదట. గడువు రోజున రాత్రి కూర్చుని ఆరు నెలల ఆత్మపరిశీలన ఒక్కసారే రాసేస్తారట. ఒక అమ్మాయి చెప్పిన మాట మాకు గుచ్చుకున్నది: ‘నాకు నిజంగా ఏడుపొచ్చిన రోజు గురించి ఎక్కడా రాయలేదు. సంతకం కోసం వేరేది రాశాను.’

ఇది మన పిల్లల సోమరితనం అనుకోవద్దు. 2018లో నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు ఇదే మాట ఘాటుగా రాశారు. మార్కుల కోసం నిర్ణయించిన గళ్ళు నింపమంటే, విద్యార్థులు ఆలోచించకుండానే ఆలోచించినట్టు కనబడటం నేర్చుకుంటారు, ప్రాణం లేక నడిచే బొమ్మలవుతారు అన్నారు. దానికి భయం కూడా తోడవుతుంది. ఇంగ్లండులో 2011లో ఒక బాలుడు మరణించిన కేసులో ఒక యువ వైద్యురాలికి 2015లో కోర్టు శిక్ష పడింది. 2018లో ఆమె పేరు రిజిస్టరు నుంచి తీసివేయబడి, అప్పీలు మీద తిరిగి నిలిచింది. ఆ సమయంలో, మనం మనస్సు విప్పి రాసుకున్నదే రేపు మనమీద సాక్ష్యమవుతుందేమోనని అక్కడి యువ డాక్టర్లలో కలవరం పుట్టింది. చివరకు అక్కడి వైద్య మండలి, విచారణ కోసం అలాంటి నోట్సును తాము అడగబోమని రాతపూర్వకంగా చెప్పవలసి వచ్చింది. అంత వ్యవస్థ ఉన్న దేశంలోనే ఆ భయముంటే, మొదటి తరం చదువుకు వచ్చిన మన పిల్లలకు ఉండదా?

అందుచేత మా మనవి ఒక్కటే. ఆత్మపరిశీలన ఎలా చేయాలో నిర్ణయించేటప్పుడు పిల్లలను కూడా కూర్చోబెట్టుకోవాలి. ప్రశ్నాపత్రం తయారయ్యాక వారి చేతికివ్వడం కాదు, ప్రశ్నలు తయారయ్యేటప్పుడే వారి మాట వినాలి. దీనివల్ల లాభమేమిటని అడుగుతారేమో, మన ఊరినుంచే మూడు ఉదాహరణలు చెబుతాము.

మొదటిది. షుగరు ఉన్న ముసలమ్మ దవాఖానకు వస్తుంది. ‘గోలీలు వేసుకుంటున్నావా?’ అని అడుగుతారు, ఆమె ‘వేసుకుంటున్న బిడ్డా’ అంటుంది. పుస్తకంలో టిక్కు పడుతుంది. కాని అది రంజాన్ నెల. పొద్దటి గోలీ సహరీకి జరిపిందో, మానేసిందో ఎవరూ అడగలేదు. రోజా ఉండదలచిన షుగరు రోగి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్చుకోవాలని, రోజాలో షుగరు 70కి తగ్గినా 300 దాటినా రోజా విరమించాలని నేడు వైద్యులు చెబుతున్నారు. రోగికి మన ధర్మం మినహాయింపు ఇచ్చే ఉన్నది. ‘రోజా సంగతి అడిగానా?’ అన్న ప్రశ్న ఆ లాగ్‌బుక్కులో ఎవరు చేర్చగలరు? నానమ్మను ఇంట్లో చూసిన మన పిల్లే చేర్చగలదు.

రెండవది. టి.బి. వచ్చిన కూలీ. మందు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. అతని పేరు, ఊరు, ఆధార్ నంబరు రాసుకుంటారు. ఎప్పుడు వలస పోతున్నావని అడగరు. బొంబాయికో పుణెకో బస్సెక్కినాక మందు ఆగిపోతుంది. పాలమూరు వలస తెలిసిన పిల్లవాడికి ఈ ప్రశ్న తోచినట్టు, కాలేజీలో ఫారం తయారుచేసిన పెద్దమనిషికి తోచదు.

మూడవది. భాష. ‘పానం గుబులుగుంది’ అని ఒకరు, ‘గాబరా హోరా’ అని మరొకరు, ‘ఒళ్ళంతా గుంజుతుంది’ అని ఇంకొకరు. వీటిని ఇంగ్లీషులోకి మార్చి కేసుషీటులో రాసేటప్పుడు ఏమి జారిపోయిందో చూసుకోవాలి. గుండెకు సంబంధించినదా, మనసుకు సంబంధించినదా, నిద్ర లేకనా, తిండి లేకనా? ‘రోగి అన్న మాట ఏది, నేను రాసిన మాట ఏది?’ అన్న రెండు గళ్ళు ఒక పేజీలో గీస్తే చాలు. పరదా పాటించే స్త్రీని పరీక్షించే ముందు ఏమి చెప్పి అనుమతి తీసుకున్నాను అన్న ప్రశ్న కూడా ఇలాంటిదే.

ఇప్పుడు ఏర్పాటు ఎలా ఉండాలో, పిల్లలతో మాట్లాడిన మీదట మాకు తోచినవి చెబుతాము. రాత తెలుగులో గాని ఉర్దూలో గాని ఉండనివ్వాలి. మనసులోని మాట అరువు భాషలో రాదు. రాయలేనివారు నోటితో చెప్పవచ్చు. పుస్తకాలు రెండుండాలి, ఒకటి తనకు మాత్రమే, రెండవది గురువుకు చూపేది. మొదటిదాంట్లోంచి రెండవదాంట్లోకి ఏది రావాలో విద్యార్థే నిర్ణయించుకోవాలి. రోగి పేరు, ఊరు, ఇంటి గుర్తులు రెండింటిలోనూ ఉండరాదు. అది అమానతు. ఈ రాతకు మార్కులు వేయరాదు. రాశారా లేదా అని చూస్తే చాలు. నెలకొకసారి సీనియర్లు, జూనియర్లు, మెడికల్, నర్సింగు పిల్లలు ఒకేచోట కూర్చోవాలి. రాజీగారి వరుసలు గుర్తుకు తెచ్చుకోండి. ఆ బైఠకులో గురువు కూడా తన కేసు ఒకటి చెప్పాలి. గురువు నోరు విప్పనిచోట శిష్యుడు విప్పడు. ప్రతి బైఠకు చివర, రేపటినుంచి మార్చుకునే పని ఒకటి, చిన్నదైనా సరే, తేలాలి. ఏమీ మారకపోతే అది కబుర్లే అవుతుంది.

అయితే పిల్లలకే అన్నీ వదిలేయమని మేము అనడం లేదు. ఒకే వయసువాళ్ళు కూర్చుంటే ఒకరి పొరపాటును మరొకరు సమర్థించే ప్రమాదమున్నది. క్లోరోఫారం కథలో అంత చదువుకున్నవారే ఒకవైపు చూసి రెండోవైపు వదిలేశారు కదా! కనుక పిల్లల ప్రశ్నలకు పెద్దల శాస్త్రజ్ఞానం తోడు కావాలి. ఇద్దరికీ రోగి మాట తోడు కావాలి. మూడూ కలిసినప్పుడే అది పొయ్యి మీద నిలబడ్డ కుండ.

మరి సంఘంగా మన వంతు ఏమిటి? కాలేజీల పాఠ్యక్రమం మార్చే అధికారం మనకు లేదు. కాని కొన్ని పనులు మన చేతిలోనే ఉన్నవి. ఒకటి, సెలవుల్లో వచ్చిన వైద్య, నర్సింగు, ఫార్మసీ, యునానీ విద్యార్థులకు ఆదివారం పూట ఒక గది, చాప, చాయ్ ఏర్పాటు చేయడం. రెండు, మన పెద్దలు కొందరు రోగులుగా వారి ముందు కూర్చుని, దవాఖానలో తమకేమనిపించిందో దాపరికం లేకుండా చెప్పడం. ఏ మందు ఇచ్చారన్నది కాదు, డాక్టరు ముఖం చూశాడా లేదా, మాట పూర్తికానిచ్చాడా లేదా అన్నది చెప్పాలి. మూడు, పిల్లలు కలిసి తయారుచేసిన ప్రశ్నలతో ఒక చిన్న పుస్తకం తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి వారి చేతికివ్వడం. వారు దాన్ని తమ కాలేజీలో గురువులకు చూపి, పనికొస్తుందేమో చూడమని అడగవచ్చు. నాలుగు, స్కాలర్‌షిప్పుకూ దీనికీ ముడిపెట్టకపోవడం. సాయం కోసం రాయవలసి వస్తే మళ్ళీ ఆ రెండు వాక్యాలే వస్తాయి.

అయిదవది తల్లిదండ్రులకు చెప్పేది. ఫోనులో బిడ్డ గొంతు బాగాలేకపోతే ‘మార్కులెన్ని?’ అని అడగకండి. మొదటిసారి చావును దగ్గరగా చూసిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలు వారు. ‘మా అమ్మాయి డాక్టరవుతున్నది’ అని బజారులో మనం గర్వంగా చెప్పుకుంటున్న రోజునే, ఆమె హాస్టలు గదిలో ఒంటరిగా కూర్చుని, నేను దీనికి పనికిరానేమో అనుకుంటూ ఉండవచ్చు. ‘నేడు ఏమి చూశావు? ఎలా అనిపించింది?’ అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ పిల్ల ఆత్మపరిశీలన అక్కడినుంచే మొదలవుతుంది. మాట దాచుకోవడం అలవాటైన పిల్లలు రేపు దవాఖానలో పొరపాటు జరిగినా దాచిపెడతారు. దాచిన పొరపాటు మళ్ళీ జరుగుతుంది. ఈసారి బల్లమీద పడుకున్నది ఎవరి తల్లో మనకు తెలియదు.

విద్యార్థులారా, మీకొక మాట. మీ లాగ్‌బుక్కు మీద సంతకం మీ ప్రొఫెసరుది. కాని అందులోని ప్రశ్నలపై మీకూ హక్కు ఉన్నది. అడగకుండా ఎవరూ ఇవ్వరు. వినయంగా అడగండి, నలుగురు కలిసి అడగండి, మీరే నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్ళి అడగండి. రోగం నయమైనా కాకున్నా, తన మాట విన్న డాక్టరును కొల్లాపూర్ మనిషి బతికినన్నాళ్ళు దువాలో తలుచుకుంటాడు.

 అల్లాహ్ మన పిల్లల చేతికి షిఫాను, నోటికి మృదుత్వాన్ని, మనసుకు తన తప్పు తాను చూసుకునే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.

సెలవు. ఖుదా హాఫిజ్.